బొర్లా పరిచిన రాళ్లు

కోడలికి ఐదో నెల వచ్చినప్పుడు ఏం తినాలనుందో చెప్పమని అడిగాను. తినడానికేమీ వద్దంది. ఒక్కసారి వాళ్ల నాన్న దగ్గరికి తీసుకుపొమ్మంది.

వాళ్ల నాన్న చనిపోయి చాలా ఏళ్లయింది.

అప్పుడు మేమిద్దరం సూరత్‌లో, డిండోలిలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తున్నాం. మార్కెట్ నుంచి మూటలుగా ఇంటికి వచ్చే పని అది. కోడలు కత్తెర పక్కన పెట్టి మెల్లగా చెప్పింది. వాళ్లది కొండల్లో పలక రాయి తీసే ఊరు. అక్కడ ఎవరైనా చనిపోతే ఏడాది తిరిగాక అదే పలక రాతి మీద బొమ్మ చెక్కించి గని అంచున నిలబెడతారు. వాళ్ల ఇంట్లో ఆడపిల్లకు మొదటి కడుపు పండితే ఆ రాయి దగ్గరికి పోయి, సింధూరం పూసి, సంగతి చెప్పి రావాలి.

"చెప్పకపోతే ఏమయితది బిడ్డా?" అని అడిగాను.

"ఏం కాదు అత్తమ్మా. బాపాకు తెల్వదు, గంతే."

ఆ ఆదివారమే పోదామన్నాను.

మాది సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన నేత కుటుంబం. నేను పుట్టేసరికే మా నాయన సూరత్‌లో పవర్‌లూమ్ నడుపుతున్నాడు. మా ఆయనదీ అదే పని. ఆ చప్పుడు మధ్య నిలబడి నిలబడి ఎడమ చెవి పూర్తిగా పోగొట్టుకున్నాడు, కుడి చెవి సగం. ఆయనతో ఇంట్లో మాట్లాడే మాట గల్లీ చివరిదాకా వినపడుతుంది. మా అబ్బాయి మగ్గాల జోలికి పోలేదు. రింగ్ రోడ్‌లో ఒక బట్టల మార్కెట్‌లో, ఒక సేఠ్ దుకాణంలో పార్సిళ్లు చూస్తాడు. అదే బిల్డింగ్‌లో చీరలు మడతపెట్టి డబ్బాలకెత్తే పనికి వచ్చిన పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. తెలుగు ఆమె మా ఇంటికొచ్చాకే నేర్చుకుంది. నాతో మాట్లాడేటప్పుడు నా యాసే మాట్లాడుతుంది, కోపమొస్తే హిందీలోకి పోతుంది.

ఆదివారం తెల్లారగానే నలుగురం ఉధనాలో రైలెక్కాం. వడోదర దాటాక ఇంకో బండి, ఆ తర్వాత జీపు. దారిలో కోడలు వాళ్ల నాన్న గురించి చెప్పింది. పెళ్లయి రెండేళ్లయినా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

గనిలో రాయి పొరలు పొరలుగా ఉంటుందట. మగవాళ్లు ఉలి పెట్టి కొట్టి ఒక్కో పొర లేపేవారు. పెద్ద బిళ్లలు ఇళ్ల కప్పుకు, చిన్నవి బడి పలకలకు. తర్వాత యజమాని బలపాలు కోసే మిషన్ తెచ్చాడు. చిన్న రేకుల షెడ్డులో రంపం తిరుగుతుంటే పిండిమరలో పిండి లేచినట్టు ధూళి లేచేదట. వాళ్ల నాన్నను ఆ మిషన్ మీద పెట్టారు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా బూడిద రంగులో ఉండేవి. ధూళికి అడ్డంగా యజమాని ఇచ్చింది ఒక పాత గుడ్డముక్క. కొన్నాళ్లకు దగ్గు మొదలైంది. సర్కారు దవాఖానాలో టీబీ అన్నారు. టీబీ మందులు మింగించారు. తగ్గకపోతే మళ్లీ మింగించారు. పక్కింటాయనకూ టీబీయే, ఎదురింటాయనకూ టీబీయే. ఆడవాళ్లకు రాని టీబీ, పిల్లలకు అంటని టీబీ, మిషన్ దగ్గర నిలబడిన మగవాళ్లకు మాత్రమే వస్తోందేమిటని ఒక్క డాక్టరూ అడగలేదు.

"బాపా పోయేటప్పుడు నేను మూడో క్లాసు," అంది కోడలు. "కొన్నేండ్లకు ప్లాస్టిక్ పలకలొచ్చినయి. ధంధా బంద్ అయింది. మాలిక్ మిషన్లు లారీకెక్కించుకొని పోయిండు. ఊర్లె మగోళ్లు పోయిండ్రు, గని మిగిలింది."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సూరత్‌లో మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివేటప్పుడు నేను పలక మీదే అక్షరాలు దిద్దాను. రాసిన దానికంటే కొరుక్కుతిన్న బలపమే ఎక్కువ. ఎక్కడి నుంచి వస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిస్తే నోరంతా చేదయింది.

జీపు దిగేచోట మా వియ్యపురాలు నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, కాళ్లకు వెండి కడియాలతో, ముదురాకుపచ్చ చీర మీద ఏదో కంపెనీ ఏప్రన్ కట్టుకుని ఉంది. నేను ఆమెను వదినె అంటాను, ఆమె నన్ను అక్కా అన్నట్టు బెన్ అంటుంది. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలో, ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే. ఆ మాటలన్నీ ఇక్కడ నా తెలుగులోనే చెప్తున్నాను.

దారి మొదట్లోనే పెద్ద కమాను ఉంది. దాని మీద పడవ బొమ్మ, నీళ్లలో దూకుతున్న మనుషుల బొమ్మలు. కింద వరసగా సూరత్ నంబరు ప్లేట్ల కార్లు.

"ఏంది వదినె ఇది?" అన్నాను.

"తర్వాత చెప్త బెన్. ముందు ఇంటికి పోదాం, పిల్ల ఆకలితో ఉంటది," అని గబగబా నడిచింది.

ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. కప్పులన్నీ నల్లటి రాతి బిళ్లలు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. వదినె మొక్కజొన్న రొట్టెలు చేసింది, మినప్పప్పు వండింది, పచ్చిమిర్చి నూరింది. మా ఆయనకు మూడోసారి వడ్డించింది. ఆయన "బస్, బస్" అని గట్టిగా అరిస్తే పక్కింట్లో కోళ్లు అదిరాయి. అందరం నవ్వాం. అంతా బాగానే ఉంది. కానీ కోడలు చెయ్యి కడుక్కుని, సంచిలోంచి సింధూరం డబ్బా, కొబ్బరికాయ, అగరబత్తీలు తీసి లేచి నిలబడితే, వాళ్లమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"ఎండ తగ్గనీ," అంది, మాకూ తెలియాలని హిందీలోనే.

"ఎండ తగ్గితే మా జీపు పోతది. నడువు."

"ఇంకోసారి పోదాంలే బేటీ."

"ఇంకోసారి ఏంది? గిప్పుడే గదా కడుపుతో ఉన్నది?"

వదినె నావైపు చూసింది. కాపాడమని అడిగినట్టుంది ఆ చూపు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"రాళ్లు అక్కడ లేవు," అంది చివరికి. "కడుపుతో ఉన్న పిల్లకు ఫోన్లో ఎట్ల చెప్పాలె? అందుకే చెప్పలే."

తర్వాత చెప్పింది. కిందటేడు వానలకు ముందు సూరత్ సేఠ్ ఒకాయన గని చుట్టూ ఉన్న భూమి తీసుకున్నాడు. రింగ్ రోడ్ మీద బట్టల వ్యాపారి. గనిలో నిండిన నీళ్లు పచ్చగా అందంగా ఉన్నాయని పడవలు దింపాడు, చుట్టూ గుడిసెల్లాంటి గదులు కట్టాడు. ఒకరోజు మిషన్ వచ్చి గని అంచున ఉన్న రాళ్లన్నీ తీసేసింది. ఆడవాళ్లు పోయి అడిగితే, మంచి చోట మళ్లీ నిలబెడతారని సర్పంచ్ సర్దిచెప్పాడు. ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లందరికీ అక్కడే పనులిచ్చారు. వదినె వంటింట్లో గిన్నెలు తోముతుంది. ఆ ఏప్రన్ అక్కడిదే.

"మరి రాళ్లు ఏవి?" అంది కోడలు.

"ఒకటి తెలుసు. మీ పెద్దనాన్నది," అంది వదినె. "వంటింటి వెనక గిన్నెలు తోమే జాగల పరిచిండ్రు. రోజూ దాని మీదనే తోముతున్న. మొఖం మీద గిన్నె పెట్టకుండ పక్కకు జరిపి తోముత."

మా ఆయన "ఏమంటుంది? ఏమంటుంది?" అని అడుగుతున్నాడు. ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

గేటు దగ్గర వదినె వెనక దారిన పోదామంది. నేను వద్దన్నాను. దొంగల్లాగా ఎందుకు పోవాలి? మా అబ్బాయి అందరికీ టికెట్లు కొన్నాడు. వదినెకు కూడా. భర్తను చూడ్డానికి టికెట్ కొనాల్సి వచ్చిన ఆడదాన్ని నేను అదే మొదటిసారి చూడటం.

లోపల గని కనపడింది. నిలువుగా కోసిన నల్లటి గోడలు, అడుగున ఆకుపచ్చ నీళ్లు. నీళ్ల మీద పసుపుపచ్చ పడవల్లో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. పాట పెట్టిన స్పీకర్ మీద వచ్చింది. "రాతియుగపు విశ్రాంతి" అని హిందీలో రాసిన బోర్డు మీద వచ్చింది. నీళ్ల దగ్గర నుంచి భోజనాల హాలు దాకా నల్లటి రాతి బిళ్లలతో బాట పరిచారు. నున్నగా, ఒకదాని పక్కన ఒకటి. తడి కాళ్లతో జనం దాని మీద నడిచి పోతున్నారు.

కోడలు ఆ బాట దగ్గర ఆగింది. వంగలేక మోకాళ్ల మీద కూర్చుంది. బిళ్ల అంచు మీద వేలు పెట్టి రుద్దింది. వేలికి నారింజ రంగు అంటుకుంది.

సింధూరం. ముఖం మీద పూసింది అంచులకు కారి ఎండిపోయిన సింధూరం. ఒక్క బిళ్ల కాదు. పక్కదానికీ ఉంది, దాని పక్కదానికీ ఉంది. మనుషుల బొమ్మలన్నీ బొర్లా పడుకోబెట్టి, వీపుల మీద బాట వేశారు.

నేను కోపిష్టిదాన్నే. మా గల్లీలో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు వచ్చింది వేరు. పూలమొక్కల దగ్గర తోటపని గడ్డపార ఒకటి పడి ఉంది. పోయి తీసుకుని వచ్చి, బిళ్ల సందులో గుచ్చాను.

"అమ్మా!" మా అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నవే? జర ఆగు. మేనేజర్‌తోని మాట్లాడదాం."

"మాట్లాడు. నేను లేపుతుంట."

"అందరు వీడియో తీస్తుండ్రే. ఈ సేఠ్‌కు మా సేఠ్ దోస్తు. రేపు మార్కెట్ల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"గీడ మొఖాలు భూమిల పెట్టి తొక్కుతుంటే నీ మొఖం గురించి మాట్లాడుతున్నవా?" అన్నాను. "నీ పెండ్లాం కింద కూసోని ఏడుస్తుంది. ముందు గామె మొఖం చూడు."

వాడు చూశాడు. గడ్డపార పట్టుకోలేదు. నాకూ, అటు నుంచి వస్తున్న మేనేజర్‌కూ మధ్య పోయి నిలబడ్డాడు.

నా బలం చాలలేదు. మా ఆయన నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. మగ్గం దూలాలు మోసిన భుజాలవి. అడుగున ఇసుక మాత్రమే ఉండటంతో రాయి కదిలింది. ఇద్దరం పట్టి తిప్పాం. గుర్రం మీద మనిషి. చేతిలో కత్తి, నెత్తిన సూర్యుడు చంద్రుడు. సింధూరం మీద ఇసుక అతుక్కుపోయింది. వదినె చూసి, ఇది మాది కాదని తల ఊపింది. అది ఎవరిదో పేరు చెప్పి, కొంగుతో దాని ముఖం తుడిచింది.

మేనేజర్ కుర్రవాడే, ముప్పై దాటి ఉండవు. మర్యాదస్తుడు. అదే నాకు ఇంకా మండింది. "మాసీ, శాంతి రాఖో," అని పిన్నిని బుజ్జగించినట్టు అన్నాడు. మేము సూరత్ వాళ్లమని తెలిసి సొంతవాళ్లు దొరికినట్టు నవ్వాడు. రాళ్లు ఊరికే పడి ఉన్నాయన్నాడు. పంచాయతీని అడిగే తీశామన్నాడు. ఈ ఊరి రాయి ఈ ఊళ్లోనే వాడామని, బయట నుంచి టైల్స్ తేలేదని గొప్పగా చెప్పాడు.

"ఊరికే పడి ఉన్నయా, నిలబడి ఉన్నయా?" అని హిందీలో అడిగాను.

"అంటే... నిలబడే ఉన్నాయి, కానీ..."

"మీ నాయన ఫోటో మీ ఇంట్ల గోడకు ఉన్నదా?"

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఉంటే తీస్కరా. గీడ బొర్లేసి పరుచు. మేమందరం చెప్పులేస్కోని దాని మీద నడుస్తం. గప్పుడు గీ రాళ్లు నీకిస్తం."

నవ్వు పోయింది అతని ముఖంలో. చుట్టూ జనం చేరారు. ఈత టోపీలు, తువ్వాళ్లు, చేతుల్లో ఫోన్లు. ఒకావిడ ఇదేదో ప్రోగ్రామా అని అడిగింది. ఒకాయన భోజనం లేటవుతోందని మేనేజర్‌ను కసురుకున్నాడు. ఒక పెద్దావిడ మాత్రం సంగతి అర్థం కాగానే చెప్పులు చేతిలో పట్టుకుని, బాట దిగి పక్కన మట్టిలో నిలబడింది. ఆ వెంటనే ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాను. ఎవరూ దిగలేదు.

మా ఆయన ఇవేమీ పట్టించుకోలేదు. ఆయనకు వినపడదు కదా. ఒక్కో బిళ్లా లేపుతూనే ఉన్నాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కోడలు బాట పక్కనే కూర్చుని ఒక్కో రాయి తిరగబడ్డప్పుడల్లా ముందుకు వంగి చూస్తోంది.

వంటింటి తలుపు దగ్గరికి ఆడవాళ్లు వచ్చారు. ఎక్కువమంది వదినె వయసువాళ్లే, అందరికీ అవే ఏప్రన్లు. అందరి మొగుళ్లూ ఆ బాటలోనే ఉన్నారు. వాళ్లు వచ్చి చెయ్యి వేస్తారనుకున్నాను. రాలేదు. కొంతసేపు నిలబడి చూసి, మేనేజర్ తలతిప్పగానే ఒక్కొక్కరే లోపలికి పోయారు. కోపంతో వాళ్లనూ తిట్టాలనిపించింది. తిట్టలేదు. ఆ పని పోతే వాళ్లకు ఆ ఊళ్లో ఇంకో పని లేదు. ఒక ముసలామె మాత్రం తడి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరదాకా వచ్చి, చెవిలో హిందీలో చెప్పింది.

"మాయనది గుర్రం మీద ఉండడు. నిలబడి ఉంటడు, చేతిల డోలు ఉంటది. కనిపిస్తే ఏ జాగనో చూసిపెట్టు బిడ్డా."

చెప్పి వెనక్కి పోయింది. 

నాకు అంత కోపం ఎందుకొచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మా మరిది పాండేసరలో రంగుల మిల్లులో పనిచేసేవాడు. వేడి ఆవిరి పైపు పగిలి చనిపోయాడు. మర్నాడు షిఫ్టుకు అదే మిషన్ దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టారు. మా మరిది అక్కడ పనిచేశాడని చెప్పడానికి ఒక మేకు కూడా లేదు. సూరత్‌లో మావాళ్లు ఎంతమంది అట్లా పోయారో, ఎవరికీ ఏ గుర్తూ లేదు. ఈ కొండల్లో వాళ్లు కడుపు కట్టుకుని, తమను చంపిన రాయి మీదే తమవాళ్ల బొమ్మలు చెక్కించుకుని నిలబెట్టుకున్నారు. అది కూడా ఉండనివ్వలేదు.

వదినె వాళ్లాయన రాయి నీళ్లవైపు, బాట మలుపు దగ్గర దొరికింది. గుర్రం మీద మనిషి, పక్కన చిన్న సుత్తి, ఉలి. కోడలు "బాపా" అంది. మామూలుగా ఇంట్లోకి వస్తున్న మనిషిని పిలిచినట్టే పిలిచింది. ఎన్నడూ గుర్రం ఎక్కని మనిషిని గుర్రం ఎక్కించి చెక్కారని, సుత్తి మాత్రం వాళ్లమ్మ అడిగి పెట్టించిందని పొద్దున రైల్లోనే చెప్పింది నాకు. గుర్రం ముక్కు విరిగిపోయి ఉంది. పరిచేటప్పుడు విరిగి ఉంటుంది.

అప్పటికి సర్పంచ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. మొదట వదినె మీద కేకలేశాడు. బయటివాళ్లను తెచ్చి గొడవ చేయిస్తున్నావన్నాడు. మేనేజర్ అతన్ని ఆపి, గేటు దగ్గర పెద్ద గ్రానైట్ బోర్డు పెడతామనీ, దాని మీద చనిపోయినవాళ్లందరి పేర్లూ బంగారు రంగులో రాయిస్తామనీ అన్నాడు. వచ్చినవాళ్లు చదువుకుంటారన్నాడు.

అప్పుడు వదినె ఏప్రన్ ముడి విప్పింది. మడతపెట్టి మేనేజర్ చేతిలో పెట్టింది.

"పేరు రాసుడు ఎందుకు? మాకు సదువొస్తదా?" అంది. "మొఖం చూసి గుర్తుపడ్తం. మా మనిషిని నేను తీస్కపోత."

"ఒక్కటి తీస్కోని సప్పుడు జేయకుండ పోండ్రి," అన్నాడు సర్పంచ్.

"మిగిలినయి?" అన్నాను.

"మిగిలినోళ్లు అడుగుతలేరు గదా."

వంటింటివైపు చూశాను. తలుపు మూసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది.

ఒక్క రాయే తీసుకున్నాం. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గిన్నెలు తోమే దగ్గర ఉన్నదాన్నీ ఇవ్వమని అడిగాం. అది సిమెంటులో ఉందన్నారు. మేము తిప్పిన రాళ్లను వాళ్ల మనుషులు మా కళ్లముందే మళ్లీ బొర్లా వేయడం మొదలుపెట్టారు. మా ఆయన గడ్డపార వదలకుండా నిలబడితే, మా అబ్బాయి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బాపు, చాలు. పోలీసులను పిలుస్తుండ్రు. పిల్లకు ఇబ్బంది అయితది."

ఇబ్బంది అవుతుందన్నది నిజమే. కోడలు ముఖం పాలిపోయి ఉంది. పని సామాను మోసే నాలుగు చక్రాల బండి ఒకటి మా అబ్బాయే అడిగి తెచ్చాడు. రాయిని దాని మీద పడుకోబెట్టాం, ముఖం పైకి పెట్టి. గేటు దాకా వాడే తోశాడు. దారిపొడుగునా జనం ఫోన్లు పట్టుకుని నిలబడితే, వాడు తల దించుకోలేదు. అంతవరకు నాకు సంతోషం.

వదినె ఇంటి వాకిట్లో గుంట తీసి రాయిని నిలబెట్టాం. కోడలు ఇసుక కడిగి, సింధూరం పూసి, కొబ్బరికాయ కొట్టింది. రాయి ముందు కూర్చుని వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. మధ్యలో ఒకసారి నావైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. వదినె నవ్వింది. ఏం చెప్పిందని అడిగితే, "మా అత్తమ్మకు కోపం ఎక్కువ, బాపా, నువ్వు భయపడకు అన్న" అంది కోడలు.

జీపు వేళకు వదినెను మాతో రమ్మన్నాను. డిండోలిలో మా ఇంట్లో ఉండొచ్చని, నాతోపాటు దారాలు కత్తిరించుకోవచ్చని చెప్పాను. రానంది. "గాయనను ఇప్పుడే ఇంటికి తెచ్చుకున్న. ఎట్ల విడిచిపెట్టి వస్త?" అంది.

తర్వాత సంగతులు చెప్పాలి. మా అబ్బాయిని వాళ్ల సేఠ్ పిలిపించాడు. ఫోన్లో వీడియో చూపించి, ఇది మీ అమ్మేనా అని అడిగాడట. అవునన్నాడు వీడు. క్షమాపణ చెప్పించమన్నాడట. వీడు చెప్పించనని అనలేదు, చెప్పిస్తాననీ అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. ఉద్యోగం పోలేదు గానీ, కౌంటర్ దగ్గర నుంచి కింద గోడౌన్‌కు మార్చారు. నన్నేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. నేను క్షమాపణా చెప్పలేదు.

వదినెకు పని పోయింది. ఇప్పుడు పక్క ఊళ్లో పొలం పనులకు పోతోంది. అక్కడి బాట మాత్రం బాగా పటిష్ఠమైంది. ఇంకెవరూ లేపకుండా సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారట. అంచుల మీద సింధూరం కూడా కనపడదట ఇప్పుడు. గ్రానైట్ బోర్డూ పెట్టలేదు.

మనవరాలు పుట్టింది. మూడో నెలలో అమ్మమ్మకు చూపించడానికి తీసుకుపోయాం. వాకిట్లో రాయికి చూపించాం. అందరూ భోంచేసి కునుకు తీస్తుంటే నేను, వదినె కమాను దాకా నడిచాం. గేటు మనిషి నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మీకు లోపలికి ప్రవేశం లేదన్నాడు. నా ఫోటో వాళ్ల దగ్గర ఉందట.

"నేను లోపలికి రాను," అన్నాను. "రోడ్డు మీ సేఠ్‌ది కాదు గదా."

కమాను బయట, కార్లు నెమ్మదించే చోట నిలబడ్డాను. వదినె నా పక్కన నిలబడింది. మొదటి కారు వచ్చింది. కిటికీ మీద తట్టి గుజరాతీలో చెప్పాను. లోపల నల్లరాతి బాట ఉంటుంది, దాని కింద ఈమె ఊరి మగవాళ్ల ముఖాలున్నాయి, నడిచేముందు తెలుసుకుని నడవండి అని. అద్దం ఎత్తేసుకుని లోపలికి పోయారు. రెండోవాళ్లు నన్ను బిచ్చగత్తె అనుకుని చిల్లర తీశారు. వాళ్లకు గట్టిగానే చెప్పాను. ఒక కారులో పిల్లలు తల్లిని ఏంటమ్మా, ఏంటమ్మా అని అడగడం వినపడింది. ఆ తల్లి ఏం చెప్పిందో తెలియదు. వాళ్లూ లోపలికే పోయారు.

గేటు మనిషి వచ్చి పొమ్మన్నాడు. పోలేదు. ఎండకు వదినె కొంగు తల మీదికి లాక్కుంది. ఇంకో కారు వచ్చింది, వెనక సీటు నిండా తువ్వాళ్లు, ఈత చక్రాలు. నేను కిటికీ దగ్గరికి వంగి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.